నలభై ఒక్క సెకన్ల నిశ్శబ్దం

బ్రెజిల్ దేశపు రెసీఫె నగరంలో రికార్డులు అచ్చుపోసే ఫ్యాక్టరీలో ఎడెల్జుయితా చేసే పని వినడం. ఉదయం ఏడు నుంచి సాయంత్రం నాలుగు దాకా, మంచం కూడా పట్టని చెక్క గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేది. యంత్రంలోంచి వచ్చే ప్రతి వందో రికార్డునీ మొదటి గాడి నుంచి చివరి గాడి దాకా వినేది. గీత, చిటపట, ఈల ఏదైనా దొర్లితే ఎర్ర చీటీ. ఏమీ లేకపోతే తెల్ల చీటీ. చీటీ కింద సంతకం. ఆ సంతకం లేని సరుకు గేటు దాటేది కాదు.

ఆ చెవి ఆమెకి బట్టల మిల్లులో అబ్బింది. పదమూడో ఏట చేరి పదిహేడేళ్ళు మరమగ్గాల మధ్య తిరిగింది. రెండువందల మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే పక్క మనిషి అరిచినా వినపడని చోట, పేక దారం తెగిన మగ్గం ఏదో వెనక్కి తిరక్కుండానే చెప్పేది. మిల్లులో పనిచేసిన ఆడవాళ్ళు చాలామంది నలభై ఏళ్ళకే చెవిటివాళ్ళయ్యారు. ఈమె మాత్రం రోజూ చెవుల్లో పత్తి ఉండలు కుక్కుకునేది. మేస్త్రీ నవ్వితే, "పత్తి మిల్లులో పత్తికి కరువా?" అనేది. మిల్లు మూతపడ్డాక రికార్డుల ఫ్యాక్టరీలో ఊడ్చే పనికి చేరింది. ఒకరోజు చీపురు పట్టుకుని నడుస్తూ, "మూడో యంత్రం అచ్చు పగిలింది, చూసుకోండి," అంది. ఎవరూ పట్టించుకోలేదు. ఆ పూట వచ్చిన రికార్డులన్నీ పాడయ్యాయి. మర్నాటి నుంచి చీపురు ఇంకొకరి చేతికి వెళ్ళింది. ఆమె అందరికీ దోనా జుయితా అయింది; మగవాళ్ళ పేరు ముందు సెయూ లాగే ఆడవాళ్ళకి దోనా మర్యాద మాట.

ఆమె మొగుడు ఒతాసిలియో వార్జెయా రూటులో బస్సు నడిపేవాడు. కపిబరీబె నది ఒడ్డున ఇపుతింగలో రెండు గదుల ఇల్లు. పిల్లల్లేరు. రోజంతా ఇంజను పక్కన కూర్చుని ఒతాసిలియోకి ఇంట్లో కూడా అరిచి మాట్లాడటం అలవాటు. "కాస్త నెమ్మదిగా మాట్లాడు. మన కూరలో ఉప్పెక్కువైందని అవతలి ఒడ్డుకి కూడా తెలిసిపోయింది," అనేది ఎడెల్జుయితా.

దేశంలో సైనిక పాలన నడుస్తున్న 1974 ఆగస్టులో ఒక నమూనా రికార్డు ఆమె గదికి వచ్చింది. వానకు లేచే రెక్కల చీమ పేరు పెట్టుకున్న బృందం, తనజూర. ముగ్గురు మగపిల్లలు, ఒక ఆడపిల్ల, అందరూ పాతికేళ్ళ లోపువాళ్ళు. ఊళ్ళో కొందరు వాళ్ళని మేధావులనేవారు, ఎక్కువమంది పిచ్చివాళ్ళనేవారు. మొదటి వైపు అయిదు పాటలు. రెండో వైపు మొత్తం ఒకటే పాట, ఇరవై రెండు నిమిషాలు. పేరు "మట్టి రోజు".

పక్క గదిలో వినే ఇవొనెయ్దె అయిదు నిమిషాలు విని హెడ్‌ఫోన్లు తీసేసింది. "ఆర్గన్‌ని మెట్ల మీంచి దొర్లించి, దాని వెనక పిల్లిని తరిమినట్టుంది అక్కా. ఇది నువ్వే విను."

ఎడెల్జుయితాకి కూడా మొదట నచ్చలేదు. ఊరి జాతర్లలో ఊదే వెదురు పిల్లనగ్రోవితో మొదలవుతుంది. దాని మీదికి ఎలక్ట్రిక్ గిటారు రంపంలా దిగుతుంది. తాళం ఏడు దెబ్బలు నడిచి, హఠాత్తుగా అయిదుకి మారి, మళ్ళీ ఏడుకొస్తుంది. రెండోసారి వింటుంటే కాలు దానంతటదే ఆడింది. ఏడుకీ అయిదుకీ మధ్య ఊగడం ఆమెకి బాగా తెలుసు. బెల్టు జారిన మగ్గం సరిగ్గా అలాగే నడుస్తుంది. పదిహేడేళ్ళు ఒంట్లో ఉన్న మోత అది. దాన్ని పాటలో పెట్టాలని ఎవరికో తోచిందంటే ఆమెకి వింతగా అనిపించింది.

పద్నాలుగో నిమిషంలో అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

ముల్లు గాడిలోనే ఉంది, రికార్డు తిరుగుతూనే ఉంది, శబ్దం లేదు. గోడ గడియారం చూసింది. నలభై ఒక్క సెకన్ల తర్వాత పాట ఏమీ జరగనట్టు అందుకుంది. ఎర్ర చీటీ మీద చెయ్యి వేసింది కానీ రాయలేదు. ఇంకో రికార్డు తెప్పించి విన్నది. అక్కడే ఆగింది, అంతసేపే ఆగింది. మూడోసారి శబ్దం పూర్తిగా పెంచి, కళ్ళు మూసుకుని విన్నది. అప్పుడు తెల్ల చీటీలూ ఎర్ర చీటీలూ రెండూ పక్కకి తోసి, బృందంలో ఎవరినైనా పిలిపించమని పర్యవేక్షకుడు వాల్‌ఫ్రిదోని అడిగింది.

ఆర్గన్ వాయించే లౌరివల్ వచ్చాడు. పోలీసు బ్యాండులో బాకా ఊదే ఆయన కొడుకు. జుట్టు భుజాలు దాటింది, చొక్కాకి రెండు గుండీలు లేవు.

"పద్నాలుగో నిమిషంలో మీ పాట పోయింది. మర్చిపోయారా, కావాలని వదిలారా?" అంది.

"కావాలనే దోనా జుయితా. అక్కడో చరణం ఉండేది. సెన్సారు వాళ్ళు కొట్టేశారు. ఇంకోటి రాసుకోమన్నారు. మేం రాయలేదు. పాడితే ఎంతసేపు పట్టేదో అంతసేపూ ఊరికే కూర్చున్నాం."

"ఊరికే కూర్చోలేదు. మనసులో పాడుకున్నారు."

లౌరివల్ ఆమె ముఖంలోకి చూశాడు. "మీకెలా తెలుసు?"

"నలుగురూ ఒకేచోట ఊపిరి తీసుకున్నారు. ఎనిమిదిసార్లు. ఊరికే కూర్చున్నవాళ్ళ ఊపిరి అలా కలవదు. ఒకరికి జలుబు కూడా ఉంది."

"గిటారు వాడికి," అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి గొంతు తగ్గించాడు. "ఆ చరణం చెప్పనా మీకు?"

"చెప్పకు నాయనా. నాకు తెలియని మాటని నా నోట్లోంచి ఎవడూ లాగలేడు."

అతను వెళ్ళాక ఆమె తెల్ల చీటీ రాసింది. లోపం లేదు. కింద సంతకం పెట్టింది. యంత్రాలు ఆరువందల రికార్డులు అచ్చుపోశాయి.

నవంబరు నాటికి ఆ పాట సంగతి ఊళ్ళో పాకింది. ఒక నాటకశాలలో తనజూర వాయించినప్పుడు, ఆ ఆగిన చోట జనం కూడా కదలకుండా కూర్చున్నారట. దగ్గు కూడా వినపడలేదట. వారం తిరక్కుండా బూడిద రంగు కోటు వేసుకున్న మనిషి ఒకడు ఫ్యాక్టరీకి వచ్చి, మేడ మీద యజమాని అబ్దొరాల్‌తో గంటసేపు కాఫీ తాగి వెళ్ళాడు. అప్పటికి రికార్డులు ఇంకా గోదాములోనే ఉన్నాయి, అట్టలు అచ్చవడం ఆలస్యమైంది.

మధ్యాహ్నం వాల్‌ఫ్రిదో వినే గది తలుపు తట్టాడు. చేతిలో ఎర్ర చీటీ ఉంది.

"దోనా జుయితా, చిన్న పని. ఆ తనజూర సరుకులో అచ్చు తప్పుందని రాయాలి. మధ్యలో శబ్దం పోయిందని."

"పోలేదు."

"మీరు రాస్తే పోయినట్టే."

"తెల్ల చీటీ ఇచ్చి మూడు నెలలైంది సెయూ వాల్‌ఫ్రిదో. గోదాములో కూర్చున్న రికార్డుకి జబ్బు చేసిందా?"

వాల్‌ఫ్రిదో చెడ్డవాడు కాదు, భయస్తుడు. చీటీ ఆమె ముందు పెట్టి, దాన్ని వేలితో సరిచేస్తూ అన్నాడు. "మీకు నలభై ఆరేళ్ళు. ఈ వయసులో బయట ఎవరు పనిస్తారు చెప్పండి?"

"వయసు నాది, నేను చూసుకుంటాను. చెవికి జీతమిస్తున్నది మీరు. దానికి అబద్ధం నేర్పితే రేపు మీకే అక్కరకు రాదు."

మేడ మీదికి పిలుపొచ్చింది. అబ్దొరాల్ స్వయంగా కాఫీ పోసి ఇచ్చాడు. పన్నెండేళ్ళలో అదే మొదటిసారి. నిషేధించమని ఎవరూ అనలేదని, సంగీతాన్ని ఎవరూ ఏమీ అనడం లేదని, సాంకేతిక లోపమని ఒక కాగితముంటే అందరికీ మంచిదని, బృందానికి కూడా అదే క్షేమమని చాలాసేపు చెప్పాడు.

"మరి వద్దనుకున్నవాళ్ళే వద్దని కాగితమివ్వొచ్చు కదా సెయూ అబ్దొరాల్," అంది.

"వాళ్ళు అలాంటి సంతకాలు పెట్టరమ్మా."

"వాళ్ళు పెట్టడానికి సిగ్గుపడే సంతకం నేను పెట్టాలా?"

కాఫీ తాగకుండానే దిగి వచ్చింది.

సాయంత్రం కర్రపెండలం ఉడకబెడుతూ ఒతాసిలియోకి చెప్పింది. అతను మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడాడు. డిపోలో పనిచేసే అతని స్నేహితుణ్ణి రెండేళ్ళ కింద పోలీసులు తీసుకెళ్ళారు. పద్దెనిమిది రోజుల తర్వాత తిరిగొచ్చిన ఆ మనిషి మళ్ళీ బస్సు ఎక్కలేదు.

"పెట్టేసెయ్ జుయితా. సంతకమంటే ఏంటి, గీతే కదా. ఆ గీతకి ఏం తెలుసు?"

"నాకు రాయడం వచ్చింది ఇరవై ఆరో ఏట. అంతకుముందు వేలిముద్ర వేసేదాన్ని. మిల్లు వాళ్ళు నా వేలితో ఏమేం ఒప్పించుకున్నారో నాకిప్పటికీ తెలీదు. ఇప్పుడు తెలిసీ వెయ్యమంటావా?"

ఒతాసిలియో కంచంలోకి చూస్తూ చాలాసేపు నమిలాడు. "సరే. నిన్నెవరైనా తీసుకెళ్ళడానికొస్తే మాత్రం వేరే బస్సు చూసుకోమను. నా బస్సులో ఎక్కనివ్వను," అన్నాడు. తర్వాత మళ్ళీ అరవడం మొదలుపెట్టాడు, ఉప్పు తక్కువైందని.

సంతకం ఇవొనెయ్దె పెట్టింది. ఆమెకి ముగ్గురు పిల్లలు, మొగుడు ఎక్కడో సావోపాలోలో ఉన్నాడని వినికిడి. మర్నాడు ఎడెల్జుయితా వచ్చేసరికి గది గుమ్మంలో ఇవొనెయ్దె నిలబడి ఉంది, కళ్ళు వాచి ఉన్నాయి.

"అక్కా, నన్ను తిట్టు."

"తిడితే నీ పిల్లల కడుపు నిండుతుందా? జరుగు, నా కుర్చీ."

"నువ్వు నాతో మాట్లాడవేమో అనుకున్నాను."

"నీతో మాట్లాడక ఎవరితో మాట్లాడతాను, యంత్రంతోనా? అయితే ఒకటి చెప్పు. ఆ చీటీ పడ్డాక ఆ సరుకు ఏమైనట్టు?"

"తప్పు సరుకు. పిండి కొట్టే యంత్రానికి పోతుంది."

"ఎప్పుడు?"

"సోమవారం. క్రిస్మస్ ఆర్డర్లున్నాయి, ఈ వారం యంత్రం ఖాళీ లేదు."

ఎడెల్జుయితా గేటు వైపు చూసింది. ఫ్యాక్టరీలో పాత ఆచారం ఒకటుంది. శనివారం మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేటప్పుడు, తప్పు సరుకులోంచి ప్రతి మనిషీ రెండు రికార్డులు ఊరికే తీసుకుపోవచ్చు. అబ్దొరాల్ తండ్రి పెట్టిన నియమం, గేటు దగ్గర చెక్క పలక మీద ఇంకా రాసి ఉంది. మామూలుగా జనం గీతలు పడ్డ డాన్సు పాటలు ఏరుకునేవాళ్ళు.

"అయితే శనివారం అది మన సరుకే," అంది.

శనివారం దాకా ఉన్న రెండు రోజులూ భోజనాల వేళ ఆమె బల్ల నుంచి బల్లకి తిరిగింది. రహస్యమేమీ చెయ్యలేదు, మామూలు గొంతుతోనే అడిగింది. "ఈ వారం నీ రెండూ తనజూరవి తీసుకో."

"ఆ మోత నాకెందుకు దోనా జుయితా? మా అత్త గొంతు ఫ్రీగా వస్తోంది," అన్నాడు అచ్చు యంత్రం నడిపే జొజుయె.

"వినొద్దులే. గోడకి తగిలించుకో. అందులో తప్పు లేదు. తప్పుందని మన చేత అనిపించారు. మనం పోసిన అచ్చు అది."

ఆ చివరి మాట పనిచేసింది. జొజుయె పదిహేనేళ్ళుగా ఆ యంత్రం మీద చేతులు కాల్చుకుంటున్నాడు. "నా యంత్రం శబ్దం మింగిందన్నారా?" అన్నాడు. "నాలుగు తీసుకోవచ్చా?"

"రెండే. నియమం నియమమే. వాళ్ళకి తప్పు దొరక్కూడదు."

శనివారం అబ్దొరాల్ ఊళ్ళో లేడు. పన్నెండు గంటల గంట కొట్టాక నూటపద్నాలుగు మంది వరసలో నిలబడి, వెనక షెడ్డులో పేర్చిన దొంతర నుంచి మనిషికి రెండు చొప్పున, తెల్ల కాగితం సంచుల్లో ఉన్న రికార్డులు తీసుకుని గేటు దాటారు. వాల్‌ఫ్రిదో మెట్లు దిగి వచ్చేసరికి సగం మంది బస్టాపులో ఉన్నారు.

"ఆపండి. ఇదేంటి?" అన్నాడు.

గేటు మనిషి చెక్క పలక వైపు వేలు చూపించాడు. "తప్పు సరుకు సెయూ వాల్‌ఫ్రిదో. ఎర్ర చీటీ ఉంది. మీరే తెచ్చారు."

వాల్‌ఫ్రిదో పలక చదివాడు, వరస చూశాడు. చిట్టచివర, రెండు రికార్డులు చంకన పెట్టుకుని ఎడెల్జుయితా నిలబడి ఉంది. పక్కనే ఇవొనెయ్దె, ఆమె చంకలో కూడా రెండు. అతను పక్కకి జరిగాడు.

సోమవారం మిగిలిన రికార్డులన్నీ పిండయ్యాయి. చెక్క పలక కూడా ఊడదీశారు. ఎడెల్జుయితా చేతికి ఉత్తరం ఇచ్చారు. లోపమున్న సరుకుని బాగుందని రాసి, తీవ్రమైన నిర్లక్ష్యంతో సంస్థకి నష్టం కలిగించినందుకు, తగిన కారణంతో తొలగింపు. తగిన కారణమని రాస్తే ఏ హక్కూ మిగలదు, పైగా ఇంకెవరూ పనివ్వరు. ఆమె ఉత్తరం రెండుసార్లు చదివింది. నిర్లక్ష్యం అన్న మాట దగ్గర ఆగింది. వెళ్ళిపొమ్మంటే వెళ్ళేదేమో. పని రాదన్నారు. అది మాత్రం మింగుడు పడలేదు.

వారం లోపల కార్మిక న్యాయస్థానం మెట్లెక్కి కేసు వేసింది. వకీలు లేకుండా సొంతంగా మాట్లాడుకోవచ్చని అక్కడి గుమాస్తా చెప్పాడు. "కానీ జాగ్రత్తమ్మా. అవతల పెద్ద వకీలు. నోరు జారితే కష్టం."

"నా నోరు ఎప్పుడూ జారలేదు. ఆలస్యంగా తెరుచుకుంటుంది, అంతే."

మార్చిలో వాయిదా పడింది. మళ్ళీ ఆగస్టుకి వేశారు. ఈలోపు తెల్లవారుజామునే లేచి కర్రపెండలం పిండితో టపియోకా రొట్టెలు కాల్చి బస్టాపు దగ్గర అమ్మింది. జూలైలో కపిబరీబె పొంగింది. ఊరికి ఊరే మునిగింది. ఇపుతింగలో నీళ్ళు కప్పు అంచు దాకా వచ్చాయి. ఒతాసిలియో, ఆమె రెండు రోజులు బడి మేడ మీద ఉండి వచ్చేసరికి ఇంట్లో మోకాలి లోతు బురద. మంచం, కుట్టుమిషను, పెళ్ళి ఫోటో అన్నీ పోయాయి. చుట్టుపక్కల ఇళ్ళలో ఉన్న తనజూర రికార్డులు కూడా చాలా పోయాయి. అలమర మీద ఉన్న తన రెంటిలో ఒకటి విరిగింది. రెండోది బురదలో నిలువునా దిగబడి ఉంది. బయటికి లాగి, కొబ్బరి సబ్బుతో గాడి గాడీ వేలితో రుద్ది కడిగి, నీడన ఆరబెట్టింది.

"ఇల్లంతా పోతే రికార్డు కడుగుతావేంటి?" అని అరిచాడు ఒతాసిలియో.

"ఇల్లు కోర్టుకి తీసుకెళ్ళలేను కదా."

విచారణ రోజు ఒతాసిలియో సెలవు పెట్టాడు. డిపో స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన పెట్టె గ్రామఫోను ఒళ్ళో పెట్టుకుని, తను నడిపే రూటులోనే ప్రయాణికుడిగా కూర్చున్నాడు. దారి పొడుగునా డ్రైవరుకి బ్రేకులు వెయ్యడం నేర్పుతూనే ఉన్నాడు.

చిన్న గది. మధ్యలో న్యాయమూర్తి. అటూ ఇటూ ఇద్దరు సహాయక న్యాయమూర్తులు, కార్మికుల తరఫున ఒక ముసలి రొట్టెల మేస్త్రీ, యజమానుల తరఫున ఒక బట్టల కొట్టు ఆసామి. ఫ్యాక్టరీ వకీలు జెర్వాసియో తెల్ల కోటులో వచ్చాడు, పక్కన అబ్దొరాల్. లౌరివల్ వెనక బెంచీలో కూర్చున్నాడు, జుట్టు కత్తిరించుకున్నాడు. ఎడెల్జుయితా చర్చికి వేసుకునే నీలం గౌను వేసుకుంది. అంచున వరద మరక పోలేదు.

జెర్వాసియో లేచి చక్కగా మాట్లాడాడు. ఈమె పదిహేడేళ్ళు మరమగ్గాల మధ్య పనిచేసింది. అలాంటివాళ్ళకి వినికిడి పోతుందని వైద్యులందరికీ తెలుసు. నలభై ఒక్క సెకన్ల ఖాళీని కూడా పట్టుకోలేకపోయింది. సంస్థ దయతో భరించింది, ఇక భరించలేకపోయింది. ఇంత చెప్పి కూర్చుని, అబ్దొరాల్ వైపు వంగి చెవిలో ఏదో అన్నాడు.

"నేను ఏడవను వకీలుగారూ," అంది ఎడెల్జుయితా తన చోటు నుంచే.

న్యాయమూర్తి తలెత్తాడు. "ఏంటమ్మా?"

"'రెండు ప్రశ్నలు వేస్తే ఏడుస్తుంది, భోజనాల వేళకి అయిపోతుంది' అన్నారు ఆయన. ఏడవనని చెబుతున్నాను. భోజనాల సంగతి నాకు తెలీదు."

రొట్టెల మేస్త్రీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. జెర్వాసియో చెవులు ఎర్రబడ్డాయి. నిజమేనా అని న్యాయమూర్తి అతన్ని అడగలేదు, అవసరం కూడా లేకపోయింది.

"మీరు చెప్పేదేంటి?" అన్నాడు ఆమెతో.

"నేను చెప్పడం కాదు. వినండి. రికార్డు తెచ్చాను."

జెర్వాసియో అభ్యంతరం చెప్పాడు. న్యాయమూర్తి గడియారం చూసుకుని, ఎంతసేపని అడిగాడు. ముల్లు పదమూడో నిమిషం దగ్గర పెడతానని ఆమె అంది. ఒతాసిలియో పెట్టె తెరిచాడు. ఆ గదిలో గిటారు రంపంలా దిగింది, తాళం ఏడు నుంచి అయిదుకి తూలింది. బట్టల కొట్టు ఆసామి కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. తర్వాత అన్నీ ఆగిపోయాయి.

ఫ్యాను తిరుగుతోంది. టైపు గుమాస్తా వేళ్ళు గాల్లో ఆగాయి. రికార్డులోంచి చిటపటలు వస్తున్నాయి.

"ఇదిగో," అన్నాడు జెర్వాసియో. "ఖాళీ. పైగా చిటపట. లోపం కాక ఇదేంటి?"

"చిటపట కపిబరీబెది వకీలుగారూ. జూలైలో మా ఇంటికొచ్చి వెళ్ళింది. నిశ్శబ్దం మాత్రం వీళ్ళదే." గ్రామఫోను మీదికి వంగింది. "మళ్ళీ పెడతాను, నేను వేలెత్తినచోట వినండి. ఇక్కడ నలుగురు ఊపిరి తీసుకున్నారు. ఇక్కడ మళ్ళీ. ఇప్పుడు స్టూలు కిర్రుమంది. ఈ ముక్కు చప్పుడు జలుబుది. బయట వీధిలో ఎవడో ఐసు ముక్కలమ్ముతున్నాడు, గంట వినపడిందా? మళ్ళీ ఊపిరి. చివర ఎవరో గుటక వేశారు." ముల్లు ఎత్తింది. "అచ్చు తప్పయితే ఇక్కడ ఏమీ ఉండదు, లేకపోతే గీసిన మోత ఉంటుంది. తప్పు ఊపిరి తీసుకోదు. పాడేవాళ్ళు ఏం ఇచ్చారో జొజుయె యంత్రం అదే అచ్చుపోసింది. నేను అదే విని రాశాను. ఇందులో నా నిర్లక్ష్యం ఎక్కడో చూపించమనండి."

బట్టల కొట్టు ఆసామి ముందుకు వంగాడు. మెత్తగా అడిగాడు కానీ ప్రశ్న మెత్తనిది కాదు. "మరి వాళ్ళు అంతసేపు ఎందుకు పాడకుండా కూర్చున్నారమ్మా?"

వెనక బెంచీలో లౌరివల్ బిగుసుకుపోయాడు. ఒతాసిలియో పెట్టె మూత వేసేశాడు. ఎడెల్జుయితా ఆ పెద్దమనిషి కళ్ళలోకే చూసింది.

"నా పని ఉన్నది విని చెప్పడం. లేనిది ఎందుకు లేదో తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో వేరే ఆఫీసులో ఉన్నారు. పిలిపించండి. వాళ్ళు వచ్చి ఇక్కడ నిలబడి చెబితే నేనూ వింటాను."

టైపు మిషను టకటక మొదలైంది. "ఆ జవాబు రాయనక్కర్లేదు," అన్నాడు న్యాయమూర్తి గుమాస్తాతో. చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఎవరూ ఆమెని ఏమీ అడగలేదు.

తీర్పు పది రోజులకి వచ్చింది. విచారణలో వినిపించిన రికార్డులో తయారీ లోపమేదీ రుజువు కాలేదు, ఉద్యోగిని తన విధిని సరిగానే నిర్వర్తించింది, తొలగింపుకి తగిన కారణం లేదు, రావలసినవన్నీ చెల్లించాలి. ఒక్క ఓటు తేడాతో గెలిచిందని తర్వాత గుమాస్తా చెప్పాడు. ఆ ఒక్క ఓటూ న్యాయమూర్తిది.

పని మాత్రం తిరిగి రాలేదు. ఏ ఫ్యాక్టరీలోనూ ఆమెకి మళ్ళీ చెవితో పని దొరకలేదు. తనజూర బృందం ఆ ఏడు చివర విడిపోయింది. గిటారు వాడు దేశం విడిచి వెళ్ళాడు, పిల్లనగ్రోవి ఊదే అమ్మాయి బడిలో పాఠాలు చెప్పడానికి చేరింది. ఇవొనెయ్దెని కూడా క్రిస్మస్ అయిపోగానే తీసేశారు. సంతకం ఆమెని కాపాడలేదు. బస్టాపు దగ్గర ఎడెల్జుయితా పక్కనే పొయ్యి పెట్టుకుని కాఫీ అమ్మింది. ఆ చీటీ మాట వాళ్ళిద్దరి మధ్య ఇంకెప్పుడూ రాలేదు.

కానీ తీర్పు సంగతి ఇపుతింగలో అందరికీ తెలిసింది. మొదట ఒక చాకలి మనిషి వచ్చింది, తర్వాత బిస్కెట్ల ఫ్యాక్టరీలో గర్భవతిని తీసేశారని ఇంకొకావిడ. ఎడెల్జుయితా వాళ్ళ ఉత్తరాలు చదివిపెట్టేది, కోర్టు మెట్ల దాకా వెంట వెళ్ళేది. కొన్ని కేసులు గెలిచారు, చాలా ఓడారు. ఓడినవాళ్ళలో కొందరు మళ్ళీ వచ్చారు, ఇంకొకరిని వెంటబెట్టుకుని.

1979లో, సైనిక పాలకులు క్షమాభిక్ష ప్రకటించాక ప్రవాసులు తిరిగి వస్తున్న రోజుల్లో, నెయ్డె అనే వంటమనిషి వచ్చింది. తొమ్మిదేళ్ళు పనిచేసిన ఇంట్లో వెండి చెంచాలు దొంగిలించావని వెళ్ళగొట్టారు. బల్ల మీద కాగితం పెట్టి చేతులు ఒళ్ళో ముడుచుకుని కూర్చుంది.

"దొంగిలించావా?" అని అడిగింది ఎడెల్జుయితా, రొట్టె తిరగేస్తూ.

"లేదు దోనా జుయితా."

"మరి ఇక్కడ ఒప్పుకున్నట్టు నీ వేలిముద్ర ఉందే?"

"ఏం రాసి ఉందో నాకు చదవడం రాదు. వెయ్యమన్నారు, వేశాను. అక్కడ వాళ్ళు అడిగితే ఏం చెప్పాలి?"

"ఇదే చెప్పు. ఇలాగే, ఈ గొంతుతోనే." రొట్టె రెండుగా మడిచి ఆమె చేతిలో పెట్టింది. "ముందు తిను. కోర్టు ఆఫీసు తెరవడానికి ఇంకా గంట ఉంది. నడిచి వెళదాం, దారిలో నీ పేరు రాయడం నేర్పుతాను."